నిహారికకు తొలి ఫొటో తీసిన డాక్టర్ హెన్రీ డ్రేపర్

మన సంఘం ప్రత్యేక సంచికకు ఎవరైనా ఒక మహనీయుని జీవితం రాసిపెట్టమని కార్యదర్శి గారు రెండు నెలలుగా అడుగుతున్నారు. దేశనాయకుల గురించీ, కవుల గురించీ రాయగల సమర్థులు మన సంఘంలో చాలామంది ఉన్నారు. నేను ముప్పై అయిదేళ్ళు ఫైళ్ళమధ్య గడిపిన గుమాస్తాను. జూనియర్ అసిస్టెంటుగా చేరి సూపరింటెండెంటుగా దిగిపోయాను. కనుక మీలో ఎక్కువమంది పేరు విని ఉండని, కాని ఖగోళశాస్త్రంలో పేరు చెప్పగానే అందరూ గుర్తుపట్టే ఒక అమెరికా డాక్టరు గారి సంగతి రాస్తున్నాను. ఈయన మనకెందుకు అనుకోకండి. చివరికి వచ్చేసరికి ఒక పెద్ద రిజిస్టరు కథ కూడా ఉంది. రిజిస్టరు అంటే మనకు చుట్టరికమే కదా.

ఈ సంగతి నా దృష్టికి రావడానికి కారణం మా మనవడు. మా అమ్మాయి కొడుకు. ఇంజనీరింగు చదువుతున్నాడు. సంక్రాంతికి మా సొంత ఊరు వచ్చినప్పుడు అయిదంగుళాల టెలిస్కోపు ఒకటి, దానికి తగిలించే కెమెరా, మోటారు, లాప్‌టాప్ అన్నీ మోసుకొచ్చి డాబామీద బిగించాడు. మృగశిర, ఆర్ద్ర కార్తెల పేర్లు మన రైతులందరికీ తెలుసు. ఆ నక్షత్రాలుండే చోట వరుసగా మూడు చుక్కలు కనబడతాయి. పాశ్చాత్యులు ఆ మండలాన్ని ఓరియన్ అంటారు, అంటే వేటగాడు. ఆ మూడు చుక్కలు వాడి నడికట్టు. వానాకాలం మొదట్లో వచ్చే ఆ కార్తెల్లో సూర్యుడే అక్కడ ఉంటాడు గనుక ఆ చుక్కలు మనకు కనబడవు. పుష్య మాఘమాసాల్లో రాత్రి భోజనాలయ్యే వేళకు మాత్రం నడినెత్తికి దగ్గరగా వస్తాయి. ఆ నడికట్టు కింద కత్తి వేలాడుతున్నట్టు సన్నని చుక్కలు కొన్ని. అందులో నడిమిది నిజానికి చుక్క కాదు, వెలుగుతున్న వాయువుల మబ్బు. దాన్నే ఓరియన్ నిహారిక అంటారు. మన భూమికి సుమారు 1,340 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. దాని లోపల కొత్తగా పుట్టిన నాలుగు వేడి నక్షత్రాలు దగ్గర దగ్గరగా ఉన్నాయి. వాటినుంచి వచ్చే అతినీలలోహిత కిరణాలు తగిలి చుట్టూ ఉన్న హైడ్రోజను మొదలైన వాయువులు వెలుగుతుంటాయి.

టెలిస్కోపులో కన్నుపెట్టి చూస్తే నాకు బూడిదరంగు పొగలాగా కనబడింది. ఇంతేనా అనుకున్నాను. మనవడు అరనిమిషం చొప్పున వంద ఫొటోలు తీసి, వాటిని కంప్యూటరులో ఒకదానిమీద ఒకటి కలిపి చూపించేసరికి గులాబిరంగు రెక్కలు విప్పిన పక్షిలాగా ఉంది. మొత్తం యాభై నిమిషాల వెలుగు తాతయ్యా, మొదటిసారి దీన్ని ఫొటో తీసినాయన కూడా దాదాపు ఇంతసేపే తీశాడు అని చెప్పాడు. ఆయనెవరని అడిగితే హెన్రీ డ్రేపర్ అన్నాడు. అప్పటినుంచి దొరికిన పుస్తకాలూ వ్యాసాలూ చదివి, నా చేతిరాత నోట్సు రెండు పుస్తకాలు నింపాను. దాని సారాంశమే ఇది.

హెన్రీ డ్రేపర్ 1837 మార్చి 7న అమెరికాలో వర్జీనియా రాష్ట్రంలో పుట్టాడు. తండ్రి జాన్ విలియం డ్రేపర్ రసాయనశాస్త్ర ఆచార్యుడు, వైద్యుడు, చరిత్ర గ్రంథాలు కూడా రాసినవాడు. ఫొటోగ్రఫీ అనేది లోకానికి వెల్లడైంది 1839లో. ఆ మరుసటి సంవత్సరమే ఈ తండ్రి న్యూయార్కులో చంద్రుణ్ణి ఫొటో తీశాడు. చంద్రుడి ఫొటోల్లో మొట్టమొదటి వాటిలో అదొకటి. అంటే మన కథానాయకుడు ఊయలలో ఉన్నప్పటినుంచి ఇంట్లో ఫొటో రసాయనాల వాసన ఉన్నదన్నమాట. పదమూడేళ్ళ వయస్సులో తండ్రి రాస్తున్న శరీరశాస్త్ర గ్రంథంకోసం సూక్ష్మదర్శిని గుండా ఫొటోలు తీసిపెట్టాడు. తండ్రి ఆఫీసు పని కొడుకుచేత చేయించడం మనకు కొత్త కాదు. నా చేత కూడా మా నాన్నగారు కరణీకం లెక్కలు కూడించేవారు. కాని మైక్రోస్కోపు అప్పగించే తండ్రి దొరకడం అదృష్టమే.

న్యూయార్కు విశ్వవిద్యాలయంలో వైద్యం చదివి 1857లో పరీక్షలు ప్యాసయ్యాడు. అయితే పట్టా ఇవ్వడానికి వయస్సు చాలలేదు. ఇరవై ఏళ్ళే. మన సర్వీసు రూల్సులో లాగా అక్కడా వయోపరిమితి. ఆ మధ్యకాలం వృథా చేయకుండా అన్నతో కలిసి ఐరోపా యాత్రకు వెళ్ళాడు. ఐర్లండులో రాస్ ప్రభువు అనే జమీందారు తన కోటలో ఆరడుగుల వెడల్పు లోహపు అద్దంతో కట్టించిన టెలిస్కోపు అప్పట్లో ప్రపంచంలోకెల్లా పెద్దది. దాన్ని చూసివచ్చాడు. అక్కడే ఆయన మనస్సు పట్టుబడింది. ఇంతటి యంత్రాన్ని కంటితో చూడటానికి మాత్రమే వాడుతున్నారే, దీనికి ఫొటో ప్లేటు తగిలిస్తే ఎలా ఉంటుంది అనే ఆలోచన అక్కడినుంచే వెంట తెచ్చుకున్నాడు.

తిరిగివచ్చి పట్టా పుచ్చుకుని న్యూయార్కులోని బెల్‌వ్యూ ఆసుపత్రిలో పనిచేశాడు. తరువాత తండ్రి పనిచేసిన విశ్వవిద్యాలయంలోనే ఆచార్యుడయ్యాడు. 1862లో అంతర్యుద్ధంలో కొద్దికాలం సైనిక వైద్యుడిగా కూడా వెళ్ళివచ్చాడు. ఇవన్నీ జీతం వచ్చే పనులు. రాత్రి పని వేరు.

హడ్సన్ నది ఒడ్డున హేస్టింగ్స్ అనే ఊళ్ళో తండ్రి ఎస్టేటులో సొంత వేధశాల కట్టుకున్నాడు. టెలిస్కోపుకు కావలసిన అద్దం కొనలేదు, తానే పోతపోసి నూరుకున్నాడు. రాస్ ప్రభువు పద్ధతిలో రాగి, తగరం కలిసిన లోహపు అద్దం, పదిహేనున్నర అంగుళాలది. నెలలకొద్దీ అరగదీసి మెరుగు పెట్టిన ఆ అద్దం, ఒక చలికాలం రాత్రి, దానివెనక చేరిన నీళ్ళు గడ్డకట్టి ఉబ్బడంతో పగిలి రెండయింది. నీళ్ళు మంచుగా మారితే పెరుగుతాయని తెలిసినవాడికే ఇలా జరిగింది. అదృష్టవశాత్తూ 1860లో తండ్రి ఇంగ్లండులో ఒక శాస్త్రసభకు వెళ్ళినప్పుడు, వృద్ధుడైన జాన్ హెర్షెల్ పండితుడు లోహం మానివేసి గాజు అద్దానికి వెండిపూత పూయమని సలహా ఇచ్చాడు. కొడుకు ఆ సలహా పాటించాడు. అలవాటు చేతికి పట్టడానికి ఆయన నూరిన అద్దాలు సుమారు నూరు అంటే నమ్మండి. ఆ అనుభవమంతా గ్రంథంగా రాస్తే స్మిత్‌సోనియన్ సంస్థవారు 1864లో అచ్చువేశారు. ఎన్నోచోట్ల పొరపాటు చేశానని దాచకుండా రాసినందువల్లనేమో, టెలిస్కోపు సొంతంగా తయారు చేసుకునేవాళ్ళకు ఆ పుస్తకం చాలాకాలం పాఠ్యగ్రంథంగా పనికివచ్చింది. ఆ టెలిస్కోపుతో చంద్రుడి ఫొటోలు సుమారు పదిహేను వందలు తీశాడు. అందులో మంచివాటిని మూడడుగుల వెడల్పు వరకు పెద్దవి చేయగలిగాడు.

ఇక్కడ ఈ కథలోకి రెండోవ్యక్తి వస్తుంది. 1867లో ఆయన మేరీ అన్నా పామర్ అనే ధనవంతుల అమ్మాయిని పెళ్ళి చేసుకున్నాడు. తండ్రి కోర్ట్‌లండ్ పామర్ న్యూయార్కులో స్థిరాస్తులున్న పెద్ద వర్తకుడు. పెళ్ళయిన మర్నాడు దంపతులు ఎక్కడికి వెళ్ళారో తెలుసా? ఇరవై ఎనిమిది అంగుళాల టెలిస్కోపు అద్దానికి కావలసిన గాజుబిళ్ళ ఎంపిక చేయడానికి. ఆ తరువాత జీవితాంతం వాళ్ళు దాన్నే తమ పెళ్ళియాత్ర అని నవ్వుతూ చెప్పుకునేవారట. ఆ అద్దం నూరి బిగించి పనికివచ్చేలా చేయడానికి 1872 దాకా పట్టింది.

ఆ రోజుల్లో ఫొటో తీయడం ఇప్పటిలాగా మీట నొక్కడం కాదు. గాజుపలక మీద కొలోడియన్ అనే జిగురు ద్రవం పోసి, వెండి లవణంలో ముంచి, తడి ఆరకముందే కెమెరాలో పెట్టి, తడి ఆరకముందే కడగాలి. చీకట్లో చెయ్యాలి. చెయ్యి వణికితే పూత సమంగా రాదు. తడి పలకలు వాడినంత కాలం ఆ పూతపని అన్నా చేతిమీదనే జరిగేది. వేసవిలో వాళ్ళు డాబ్స్ ఫెర్రీ అనే ఊళ్ళో ఉండేవారు. వేధశాలకు రెండు మైళ్ళు. ఆకాశం తేటగా ఉన్న రాత్రి ఇద్దరూ బండి కట్టించుకుని వెళ్ళేవారు. డబ్బున్న ఇంట పుట్టిన పిల్ల, న్యూయార్కులో పెద్దల విందులకు ఆతిథ్యమిచ్చే ఇల్లాలు, చేతులకు వెండి నైట్రేటు నల్లమరకలతో రాత్రులు నిలబడింది. ఆమె ఒక్క రాత్రి కూడా తప్పిపోలేదని అంటారు. ఆ మాట అతిశయోక్తి అయినా కావచ్చు గాని ఆమె లేకుండా ఆ పని జరిగేది కాదన్నది మాత్రం నిజం.

1872 ఆగస్టులో అభిజిత్ నక్షత్రపు వెలుగును పట్టకంగుండా విడదీసి ఆ వర్ణపటాన్ని ఫొటో తీశారు. అందులో సన్నని నల్లగీతలు కనబడ్డాయి. ఒక నక్షత్రం ఏ పదార్థాలతో తయారైందో చెప్పే ఆ గీతలు ఫొటోలో పడటం లోకంలో అదే మొదటిసారి.

1874లో శుక్రగ్రహం సూర్యబింబం మీదుగా దాటింది. అమెరికా ప్రభుత్వం ఎనిమిది బృందాలను దేశదేశాలకు పంపుతూ ఫొటోలు తీసే శాఖకు డ్రేపర్‌ను అధిపతిగా వేసింది. ఆయన తాను ఎక్కడికీ వెళ్ళలేదు. వెళ్ళేవారికి వాషింగ్టన్‌లో ఉండి తర్ఫీదు ఇచ్చాడు. ఈ సేవకు మెచ్చి కాంగ్రెసు ఆయనకు బంగారు పతకం చేయించి ఇచ్చింది. అదే డిసెంబరు 9న మన విశాఖపట్నంలో అంకితం వెంకట నరసింగరావు గారు తమ వేధశాలనుంచి ఆ శుక్రగమనాన్ని పరిశీలించి వివరాలు లండనుకు పంపారు. మనవాళ్ళు కూడా ఆ రోజు ఖాళీగా కూర్చోలేదని చెప్పడానికి రాశాను.

ఆ ఏడే మామగారు పోవడంతో ఆయన ఎస్టేటు లెక్కలన్నీ అల్లుడి నెత్తిన పడ్డాయి. పగలు కాలేజీ పాఠాలు, అద్దెలు, దావాలు, రాత్రి నక్షత్రాలు. ఎస్టేటు పని గురించి జీవితచరిత్రకారులు రెండు ముక్కల్లో తేల్చేస్తారు గాని, అలాంటి లెక్కలు చూసినవాళ్ళకు తెలుస్తుంది అది ఎంత ప్రాణాంతకమో.

1877లో ఆయన సూర్యుడిలో ఆక్సిజన్ ఉన్నదని ఫొటోల ఆధారంతో ప్రకటించాడు. పెద్ద దుమారం లేచింది. 1879లో లండను వెళ్ళి రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీవారి ముందు తన ఫొటోలు పెట్టాడు. అక్కడివారిలో కొందరు ఒప్పుకోలేదు. సూర్యుడిలో ఆక్సిజన్ ఉన్నమాట తరువాత వేరే విధంగా రుజువైంది గాని డ్రేపర్ చూపిన గీతలు మాత్రం ఆక్సిజన్‌వి కావని తేలింది. మన భాషలో చెప్పాలంటే తీర్పు సరైనదే, దాఖలు చేసిన సాక్ష్యం చెల్లలేదు. ఆయనను పొగిడేవాళ్ళు ఈ సంగతి దాటవేస్తుంటారు. నాకది న్యాయంగా తోచలేదు, అందుకే రాశాను.

కాని ఆ లండను ప్రయాణం వృథా పోలేదు. అక్కడ విలియం హగిన్స్ అనే శాస్త్రజ్ఞుడు, ఆయన భార్య మార్గరెట్ కూడా వీరిలాగే ఇద్దరూ కలిసి నక్షత్రాలమీద పనిచేస్తున్న దంపతులు. ఓరియన్ నిహారిక వెలుగు వాయువులనుంచి వచ్చేదని వర్ణపటంతో నిరూపించినవాడు ఈ హగిన్సే. వాళ్ళు అప్పటికే పొడి ప్లేట్లు వాడుతున్నారు. జెలటిన్ పూత పూసి ఆరబెట్టిన గాజుపలకలు. తడిప్లేటు పది పదిహేను నిమిషాలకు ఆరిపోయి పనికిరాకుండా పోతుంది. పొడిప్లేటును గంటలకొద్దీ తెరచి ఉంచవచ్చు. అంటే మసక వెలుగును కూడా బొట్టుబొట్టుగా పోగుచేయవచ్చు. డ్రేపర్‌కు కావలసింది అదే. అమెరికాకు ఆ ప్లేట్లు తెచ్చుకున్నాడు.

నిహారికను ఫొటో తీయవలసిన అవసరం ఏమిటని మీరు అడగవచ్చు. అప్పటికి రెండు వందల ఏళ్ళకు పైగా ఎందరో పండితులు టెలిస్కోపులో చూస్తూ దాని బొమ్మలు గీశారు. హార్వర్డు వేధశాలకు చెందిన జార్జి బాండ్ దాని బొమ్మమీద ఏళ్ళ తరబడి శ్రమించాడు. అయితే ఏ ఇద్దరి బొమ్మా ఒకలాగా లేదు. నిహారిక ఆకారం మారుతున్నదా లేక గీసేవాడి కన్ను మారుతున్నదా? ఎవరూ చెప్పలేని పరిస్థితి. ఒకే స్థలానికి ఇద్దరు సర్వేయర్లు రెండు పటాలు గీసి ఇస్తే ఆఫీసులో మనం పడే అవస్థ ఇదే. కన్ను కాకుండా ప్లేటు సాక్ష్యం చెబితే, వందేళ్ళ తరువాత మరో ప్లేటుతో పోల్చి చూడవచ్చు.

ఇబ్బంది ఎక్కడంటే, భూమి తిరుగుతూ ఉంటుంది. నాలుగు నిమిషాలకు ఒక డిగ్రీ చొప్పున ఆకాశం పడమటికి జరుగుతుంది. యాభై నిమిషాల్లో పన్నెండు డిగ్రీలకు పైగా. అంతసేపూ టెలిస్కోపు కూడా అంతే కచ్చితంగా జరగాలి. వెంట్రుకవాసి తడబడినా నక్షత్రాలు గీతలవుతాయి, మబ్బు అలుక్కుపోతుంది. విద్యుత్తు మోటార్లు లేవు. బరువులతో నడిచే గడియారపు యంత్రాలను డ్రేపర్ స్వయంగా తయారుచేసి, నచ్చక విప్పి, మళ్ళీ చేసి, ఇలా ఎన్నో చేశాడు. ఫొటోకు అనువుగా కటకం చెక్కించిన పదకొండు అంగుళాల దూరదర్శినిని క్లార్కు అనే ప్రసిద్ధ కటక నిపుణుల దగ్గర కొని, తన పెద్ద టెలిస్కోపు ఉన్న పీఠం మీదనే బిగించాడు.

1880 సెప్టెంబరు 30న పని జరిగింది. ఆ ఋతువులో వేటగాడి మండలం అర్ధరాత్రి దాటితేగాని ఆకాశంలో పైకి రాదు. హడ్సన్ నదిమీదినుంచి వచ్చే చల్లగాలిలో 51 నిమిషాలు ప్లేటు తెరచి ఉంచారు. ప్రపంచంలో ఒక నిహారిక ఫొటోకు ఎక్కడం అదే మొదలు. ఈనాటి కళ్ళకు ఆ ఫొటో మసకగా ఉంటుంది. నడిమి నక్షత్రాలు తెల్లగా ముద్దకట్టాయి, చుట్టూ ఉన్న పొగ అంచులు మాత్రం కొంతవరకు తెలుస్తాయి. మా మనవడి ఫొటో పక్కన పెడితే చిన్నపిల్లవాడు బొగ్గుతో గీసినట్టు ఉంటుంది. డ్రేపర్‌కు కూడా తృప్తి కలగలేదు. 1881 మార్చిలో 104 నిమిషాలు తీశాడు. 1882 మార్చి 14న 137 నిమిషాలు, అంటే రెండుంబావు గంటలకు పైగా. ఈ మూడోది నిజంగా గొప్ప ఫొటో. అదే టెలిస్కోపులో కంటితో చూడలేనంత మసక నక్షత్రాలు కూడా ఆ ప్లేటుమీద పడ్డాయి. కన్ను ఎంతసేపు చూసినా మొదటి క్షణం చూసిందే చూస్తుంది. ప్లేటు చూసింది చూసినట్టు కూడబెడుతుంది. ఆ తేడా వల్లనే ఖగోళశాస్త్రం అక్కడినుంచి వేరే దారి పట్టింది.

మధ్యలో ఒక సంగతి దాటిపోయాను. 1878 జులై 29న అమెరికాలో సంపూర్ణ సూర్యగ్రహణం. వయోమింగ్‌లోని రాలిన్స్ అనే చిన్న రైల్వే ఊరికి డ్రేపర్ దంపతులు, కొందరు తోటి శాస్త్రజ్ఞులు, వారితో థామస్ ఆల్వా ఎడిసన్ కూడా వెళ్ళారు. ఎడిసన్ తన వేడిని కొలిచే పరికరాన్ని ఒక కోళ్ళగూడులో పెట్టుకున్నాడని చెబుతారు. గ్రహణం పట్టి చీకటి పడేసరికి కోళ్ళు గూటికి తిరిగి వచ్చాయట. అది నవ్వుకునే ముచ్చట. నన్ను పట్టుకున్నది మరొకటి. సంపూర్ణగ్రహణం మూడు నిమిషాలలోపు. అందులో ఎవరు ఏ క్షణాన ప్లేటు మార్చాలో తెలియాలంటే ఒకరు సెకండ్లు గట్టిగా లెక్కపెడుతూ ఉండాలి. ఆ పని అన్నాకు అప్పగించారు. ఆకాశం చూస్తే ఆ అద్భుతానికి లెక్క తప్పుతుందేమోనని ఆమెను గుడారంలో కూర్చోబెట్టారు. బయట పట్టపగలు నక్షత్రాలు వెలిగాయి, సూర్యుడి చుట్టూ వెండి కిరీటం కనబడింది. అందరూ చూశారు. ఆమె గుడ్డ గోడను చూస్తూ ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టింది. ఫొటోలు బాగా వచ్చాయి.

1882 ఆయనకు చివరి సంవత్సరం. జనవరిలో తండ్రి పోయాడు. పరిశోధనకే పూర్తికాలం వెచ్చించాలని ఆయన ఆచార్యపదవికి రాజీనామా ఇచ్చాడు. మనం రిటైరయ్యేటప్పుడు ఇక తీరిక అనుకుంటామే, అలాగే. వయస్సు నలభై అయిదు. ఆ శరదృతువులో స్నేహితులతో రాకీ పర్వతాలకు వేటకు వెళ్ళి, ఎత్తుమీద మంచుతుఫానులో ఆసరా లేకుండా చిక్కుకుని, జబ్బుతో తిరిగివచ్చాడు. నవంబరు 15న జాతీయ విజ్ఞాన అకాడమీవారికి తన ఇంట్లో విందు ముందే ఏర్పాటై ఉంది. నలభైమంది అతిథులు. అప్పట్లో వింతగా చెప్పుకునే విద్యుద్దీపాలతో భోజనాల గది అలంకరించారు. ఆయన వంట్లో జ్వరంతోనే అతిథుల మధ్య కూర్చుని, సగంలో లేవవలసి వచ్చింది. అయిదురోజులకు, నవంబరు 20న, ఊపిరితిత్తుల పొరల వాపుతో చనిపోయాడు. పిల్లలు లేరు. రెండునెలలు గడిచాక 1883 జనవరిలో ఇంగ్లండులో ఆండ్రూ కామన్ అనే ఇంజనీరు మూడడుగుల అద్దంతో ఓరియన్ నిహారికను మరింత బాగా ఫొటో తీశాడు. దానికి బంగారు పతకం కూడా వచ్చింది. డ్రేపర్ ఉంటే అసూయపడి ఉండేవాడా, సంతోషించేవాడా? రెండూ అనుకుంటాను.

మామూలుగా అయితే ఇక్కడితో కథ అయిపోవాలి. ఒక తాళం, ఒక వేలం, పరికరాలు తలొకరికీ. అన్నా అలా జరగనివ్వలేదు. మొదట తానే ఆ వేధశాల నడిపించాలని ఆలోచించింది. అది సాగేపని కాదని తెలుసుకుని, హార్వర్డు వేధశాల అధిపతి ఎడ్వర్డ్ పికరింగ్‌తో ఉత్తరప్రత్యుత్తరాలు జరిపి, 1886లో భర్తపేర నిధి ఏర్పరిచింది. పదకొండు అంగుళాల దూరదర్శినిని అక్కడికి పంపింది. షరతు ఒకటే. భర్త మొదలుపెట్టిన నక్షత్ర వర్ణపటాల పని పూర్తిచేయాలి. ఏ ప్లేటు ఏ రాత్రిదో, ఏది దేనికోసం తీశారో ఆమెకు తెలుసు. ఎందుకంటే పదిహేనేళ్ళు పక్కన నిలబడి ఉంది.

ఇది చదివిన రోజు రాత్రి నాకు సరిగా నిద్రపట్టలేదు. మన సంఘం ఆఫీసుకు ఫ్యామిలీ పెన్షన్ కోసం వచ్చే ఆడవాళ్ళను చూస్తూనే ఉన్నాను. భర్త పోయిన పదోరోజున ఒక సంచినిండా కాగితాలు తెచ్చి బల్లమీద పోసి, ఇందులో ఏది కావాలో చూడండి అంటారు. నేను వెతికిపెడతాను, ఇంటికి పోతాను. మా ఇంట్లోనూ అదే సంచి ఉందని ఏనాడూ తట్టలేదు. మర్నాడు మా ఆవిడను కూర్చోబెట్టి పి.పి.ఓ. ఎక్కడుంది, బ్యాంకు ఖాతా ఎవరెవరి పేర ఉంది, లైఫ్ సర్టిఫికెట్టు ఏ నెలలో ఇవ్వాలి అన్నీ ఒక నోటుపుస్తకంలో రాసి చూపించాను. నలభై ఏడేళ్ళ కాపురంలో మొదటిసారి. ఆవిడ అంతా విని, మీరు ఇన్నాళ్ళూ ఈ బీరువా తాళం నాకివ్వకపోవడమే ఆశ్చర్యం అన్నట్టు చూసింది.

హార్వర్డులో జరిగిన పని గురించి చెప్పాలి, అదే నేను చెప్పిన రిజిస్టరు. ప్లేట్లు చూసి నక్షత్రాలను రకాలుగా విభజించే పనికి పికరింగ్ స్త్రీలను పెట్టాడు. గంటకు పాతిక సెంట్ల చొప్పున కూలి. అందులో విలియమినా ఫ్లెమింగ్ అనే ఆమె పికరింగ్ ఇంట్లో పనిమనిషిగా చేరి, వేధశాలలో గుమాస్తా అయి, తరువాత ఆ విభాగానికే పెద్ద అయింది. 1890లో పదివేలకు పైగా నక్షత్రాల తొలి పట్టిక ఆమె శ్రమే. 1888లో తీసిన ప్లేటులో, ఓరియన్ మండలంలోనే గుర్రపుతల ఆకారంలో ఉన్న నల్లని నిహారికను కనిపెట్టినది కూడా ఆమే. పెద్దపట్టికలో చేర్చినప్పుడు ఆమెపేరు రాలేదు, పికరింగ్ పేరు వచ్చింది. డ్రాఫ్టు రాసింది ఒకరు, సంతకం ఇంకొకరిది. ఆఫీసుల్లో పనిచేసినవారికి దీనిమీద వ్యాఖ్య అక్కర్లేదు.

ఆ తరువాత అనీ జంప్ కానన్ వచ్చింది. చెవులు దాదాపు వినబడవు. భూతద్దంతో ప్లేటు చూస్తూ నిమిషానికి మూడు నక్షత్రాల దాకా రకం చెప్పేది, పక్కనున్న సహాయకురాలు రాసుకునేది. 1918నుంచి 1924వరకు తొమ్మిది సంపుటాలుగా అచ్చయిన ఆ పట్టికలో 2,25,300 నక్షత్రాలు. దానిపేరు హెన్రీ డ్రేపర్ క్యాటలాగ్. ఒక్కొక్క నక్షత్రానికి వరుస నంబరు. ఆ నంబర్లను ఖగోళశాస్త్రజ్ఞులు ఈనాటికీ వాడుతున్నారు. మన ఆర్ద్ర నక్షత్రం నంబరు హెచ్.డి. 39801. అభిజిత్తుది హెచ్.డి. 172167. రెండులక్షల పాతికవేల ఎంట్రీలు చేతితో రాసి, అచ్చుదిద్ది, ఒక్క పద్ధతిలో నిలబెట్టడం అంటే ఏమిటో ఇన్వార్డు రిజిస్టరు నడిపినవాడిగా నాకు కొంచెం తెలుసు. ఏడాదికి నాలుగువేల తపాళ్ళు వస్తేనే మా సెక్షనులో నంబర్లు తప్పిపోయేవి.

అన్నా 1914 డిసెంబరులో చనిపోయింది. అచ్చయిన సంపుటాల్లో ఒక్కటీ చూడలేదు. కాని తన తదనంతరం కూడా పని ఆగకుండా వీలునామాలో హార్వర్డుకు డబ్బు రాసిపెట్టి పోయింది.

మన హైదరాబాదుకు కూడా ఈ వరుసలో చోటు ఉన్నది. నవాబ్ జఫర్ జంగ్ గారు 1901లో స్థాపించిన నిజామియా వేధశాల, ఆకాశాన్నంతా ఫొటోలు తీసి పట్టిక వేసే అంతర్జాతీయ పథకంలో పాల్గొన్నది. బేగంపేటలో దాని గుమ్మటం ముందునుంచి నేను ఎన్నిసార్లు సైకిలుమీద వెళ్ళానో లెక్కలేదు. లోపల ఏముందని ఒక్కసారి అడగలేదు. తరువాత ఉస్మానియా విశ్వవిద్యాలయంవారు జపాల్ రంగాపూర్ దగ్గర నలభై ఎనిమిది అంగుళాల టెలిస్కోపు పెట్టారు.

ఆ రంగాపూర్ పేరు ఎత్తితే నాకు 1980 ఫిబ్రవరి 16 గుర్తుకువస్తుంది. ఆ మధ్యాహ్నం సంపూర్ణ సూర్యగ్రహణం. ఎక్కడెక్కడి శాస్త్రజ్ఞులో రంగాపూరు వచ్చారు. నేను అప్పుడు నల్లగొండలో పనిచేస్తున్నాను. మా ఆవిడకు ఆరోనెల. ఊరంతా తలుపులు బిగించుకుంది. వీధిలో కుక్క కూడా లేదు. మా అమ్మ చెప్పినట్టు నేను ఆవిడను లోపలి గదిలో పడుకోబెట్టి, కిటికీలకు దుప్పట్లు కట్టి, కదలవద్దని చెప్పి, తలుపు బయట నేను కూర్చున్నాను. మూడు దాటాక తలుపుసందుల్లో వెలుగు ఆరిపోయి మళ్ళీ వచ్చింది. అంతే మేము చూసింది. నెత్తిమీద జరిగిన దాన్ని చూడటానికి దేశాలనుంచి జనం వచ్చారని మర్నాడు పేపరులో చదివాను. ఆ కడుపులో ఉన్న పిల్లే మా అమ్మాయి, ఇప్పటి మా మనవడి తల్లి.

ఈ మధ్య అన్నా డ్రేపర్ గుడారం సంగతి మా ఆవిడకు చదివి వినిపించాను. విని కొంచెంసేపు ఊరుకుంది. ఆమెకు కనీసం లెక్కపెట్టే పనైనా ఇచ్చారు, నాకు అదీ ఇవ్వలేదు అన్నది. నా దగ్గర జవాబు లేదు.

మొన్న మాఘమాసంలో మనవడు మళ్ళీ డాబామీద టెలిస్కోపు బిగించాడు. అమ్మమ్మకు రెండుకళ్ళకూ శుక్లాలు తీయించి ఆరునెలలైంది. వాడు అంతా కంప్యూటరుకు అప్పగించేస్తే అదే తీసుకుంటుంది గాని, ఆవిడ కోరికమీద ఒక్క ఫొటో మాత్రం చేత్తో తీయనిచ్చాడు. శాలువా కప్పుకుని, కుర్చీలో కూర్చుని, తీగచివరి మీట పట్టుకుని నొక్కింది. అరనిమిషం. ఆకాశంవైపు చూస్తూ, పైకి వినబడేలా ముప్పైదాకా లెక్కపెట్టింది.